జపాను దేశపు ఊరిగుడి



నేను ముప్పదియైదు సంవత్సరములు పల్లెటూరి బడులలో తెలుగును సంస్కృతమును బోధించి, ఉద్యోగవిరమణానంతరము స్వగ్రామమున నివసించుచున్నవాడను. అమరమును, కావ్యములను గురుముఖమున వల్లెవేసిన నావంటివానికి జపానుదేశపు గుడితో నేమి పనియని మీకు దోపవచ్చును. మా రెండవ కుమారుడు ఆ దేశమున నొక యంత్రశాలలో ఉద్యోగి. వాని పిలుపుపై నొక శరత్కాలమున నేనచ్చటికి బోయి, మూడుమాసములకు కొంచెము తక్కువగా నుంటిని. వారుండునది మహానగరము గాదు. చుట్టును వరిమళ్లు, వాని వెనుక కొండలు గల చిన్న పట్టణము. నాకు ఆ దేశభాష రాదు; తెల్లవారుజామున లేచు నలవాటు మాత్రమున్నది. ఇంటికి నాలుగడుగుల దూరమున నొక గుబురైన తోపును, ఆ తోపులో నొక చిన్నగుడియు కనబడెను. నాటినుండి దినదినము ప్రొద్దుట అచ్చటికి బోవుచుంటిని. పండ్రెండేండ్ల మా మనుమరాలు అచ్చటి బడిలో చదువుకొనుచున్నది గనుక, సెలవునాళ్లలో నాకు దుబాసిగా వచ్చెడిది. నేను కన్నదియు, విన్నదియు, పిమ్మట గ్రంథములలో చదివి తెలిసికొన్నదియు గలిపి మీకు మనవి చేసెదను.

దీనిని పల్లెలలోని పెద్దలకే చెప్పవలెనని నాకు దోచుటకు వేఱొక కారణము గలదు. అది కడపట చెప్పెదను.

జపానీయుల గుళ్లు రెండు విధములు. బుద్ధదేవుని గొలుచునవి యొకవిధము. వానిని తేరా యందురు. తమ దేశపు ప్రాచీనదేవతలను గొలుచునవి రెండవ విధము. వానిని జింజా యందురు. ఈ రెండవ మార్గమునకు షింటో యని పేరు. దేవతల త్రోవ యని దాని యర్థము. నేను చెప్పబోవునది జింజాను గూర్చియే.

మొదట కనబడునది తోరీ యను ద్వారము. రెండు కంబములు, వానిపై రెండు అడ్డదూలములు. తలుపులు లేవు, గోడ లేదు. ఇటుప్రక్క లోకము, అటుప్రక్క దేవరచోటు. అంతియే దాని ప్రయోజనము. మన తోరణమునకును దీనికిని చుట్టఱికమున్నదని కొందఱు పండితులూహించిరి. అది యూహయేగాని సిద్ధాంతము గాదు. ద్వారము దాటినంతనే రాతితొట్టిలో నీరు పాఱుచుండును. అందు కఱ్ఱపిడి గల చిన్న గరిటె యుండును. దానితో ముందు ఎడమచేయి, పిదప కుడిచేయి కడిగికొని, ఎడమ యఱచేతిలో నీరు పోసికొని నోరు పుక్కిలింతురు. స్నానముచేయక గుడికి బోగూడదని మన పెద్దలు చెప్పిన మాటకు ఇది సంక్షేపరూపమని నాకు దోచినది.

అటుపై త్రోవకు ఇరువైపుల రాతిసింహములు రెండు కూర్చుండియుండును. సాధారణముగా కుడివైపు దాని నోరు తెఱచియుండును, ఎడమవైపు దాని నోరు మూసియుండును. దీని భావమేమని మనుమరాలిని అడిగితిని. అది, "తాతయ్యా, ఒకటి 'ఆ' అనుచున్నదట, రెండవది 'ఉన్' అనుచున్నదట" అని చెప్పెను. నాకు ఒడలు పులకరించినది. ఇది మన భాషనుండి పోయినదే. ఆ దేశమునకు బౌద్ధభిక్షువులతోగూడ సంస్కృతాక్షరములు చేరినవి. అకారము అక్షరములకు మొదలు, హూంకారము తుద. సర్వమునకు ఆద్యంతములు ఆ రెండక్షరములలో నున్నవని వారి భావము. నేటికిని ఇద్దఱు మిత్రులు మాటలాడుకొనకయే ఒకరి మనసొకరు గ్రహించినచో, వారిది "ఆ-ఉన్ ఊపిరి" యని జపానీయులు చెప్పుకొందురు. మన సరస్వతీదేవియు ఆ భిక్షువుల వెంటనే సముద్రము దాటి, బెంజైతెన్ అను పేర వీణవంటి వాద్యము చేతబట్టి, ఆ దేశమున నదీతీరములను, సరస్సులను, ద్వీపములను ఆశ్రయించుకొని పూజలందుకొనుచున్నది.

సింహములు దాటినచో ఎదుట మ్రొక్కుమంటపము, దాని వెనుక గర్భాలయము. భక్తులు మంటపము ముందఱనే నిలిచి, పెట్టెలో నాణెము వేసి, గంట మ్రోగించి, రెండుమాఱులు వంగి, రెండుమాఱులు చప్పట్లు చఱచి, మఱల నొకమాఱు వంగుదురు. గర్భాలయము మూసియే యుండును. అందు విగ్రహమును చూచుట యుండదు. దేవరకు గుఱుతుగా అద్దమో, కత్తియో, రాయియో లోపల నుండును గాని, దానిని అర్చకుడును తెఱచి చూడడు. నారా మండలమున ఓమివా యను అతిప్రాచీనమైన గుడికి గర్భాలయమే లేదు. వెనుకనున్న మివా పర్వతమే దేవర. మంటపమున నిలిచి కొండకే మ్రొక్కుదురు.

ఇంతకు దేవర యెవరు? వారి భాషలో కామి యందురు. మోతోఓరి నోరినాగా యను మహాపండితుడు (1730–1801) కామి యనగా నేమో విమర్శించి వ్రాసెను. సామాన్యమును మించిన మహిమగలిగి, మనుష్యుని మనసున వెఱపును భక్తిని పుట్టించునది యేదైనను కామియే యని ఆయన నిర్ణయము. చెట్టు కావచ్చును, కొండ కావచ్చును, సముద్రము కావచ్చును, గతించిన మహాపురుషుడు కావచ్చును. మనము ముక్కోటి దేవత లనునట్లు వారు ఎనుబది లక్షల దేవత లందురు. లెక్కకు మిక్కిలి యని దాని భావము. ఈ మార్గమునకు మూలపురుషుడు లేడు. 712లో వ్రాసిన కొజికీ, 720లో వ్రాసిన నిహోన్ షోకి యను గ్రంథములలో దేవతల కథలున్నవి గాని, ఇది నమ్ముము, ఇది నమ్మకుము అని శాసించు సిద్ధాంతగ్రంథము లేదు. 927లో ముగిసిన యొక రాజశాసనగ్రంథమున 2,861 గుళ్ల పట్టిక యున్నది. ఆనాటికే గుళ్లు అంతగా నాటుకొన్నవి.

నమ్మకములను శాసించు గ్రంథము లేనిచోట గుడిని నిలుపునది యేది? పని నిలుపును. ఇదియే నేను ముఖ్యముగా చెప్పదలచినది.

ఊరిని కాపాడు దేవరకు ఉజిగామి యని పేరు. ఆ దేవర నీడను బ్రతుకు కుటుంబములవారికి ఉజికో యని పేరు. ఉజికో యనగా దేవర బిడ్డలని చెప్పవచ్చును. ప్రాచీనకాలమున నొకే వంశమువారి కులదేవతకు ఈ పేరుండెడిది. కాలక్రమమున ఒక చోట నివసించువారందఱి దేవతకు నదే పేరైనది. చుట్టఱికము పోయి ఇరుగుపొరుగు నిలిచినది. ఉజికోలు తమలో కొందఱిని పెద్దలుగా నెన్నుకొందురు. కప్పు బాగుచేయించుట, పండుగకు చందాలు పోగుచేయుట, లెక్క వ్రాసి చదివి వినిపించుట వారి పని. చిన్న పల్లెలలో అర్చకుడు గుడివద్ద నివసింపడు. ఒక్క అర్చకుడే పదిగుళ్లకు తిరుగుచుండును. ఆయనయు తఱచుగా బడిపంతులుగానో కచేరీ ఉద్యోగిగానో జీవించుచుండును. కావున దినదినపు కైంకర్యము ఊరివారిదే. పెక్కు ప్రాంతములలో ఏటేట నొక యింటివారు వంతుచొప్పున పండుగ బాధ్యత వహించు నాచారము గలదు. వంతు వచ్చిన ఇల్లు ఆ యేడు శుచిగానుండి, నైవేద్యము సమకూర్చి, ఏటి చివర మఱియొక యింటికి అప్పగించును.

మనుష్యుని బ్రతుకులో ఈ గుడికి ఎక్కడెక్కడ తావున్నదో చూడుడు. బిడ్డ పుట్టిన నెలదినములకు గుడికి దెచ్చి దేవరకు చూపుదురు. పూర్వాచారము ననుసరించి బిడ్డను ఎత్తుకొనునది తల్లి గాదు, తండ్రి తల్లి. బాలింతకు పురుడు తీఱలేదను భావముచేత. ఆడపిల్లలకు మూడవయేట ఏడవయేట, మగపిల్లలకు ఐదవయేట, కొన్నిచోట్ల మూడవయేటగూడ, నవంబరు 15వ తేదీ ప్రాంతమున క్రొత్తబట్టలు గట్టి గుడికి దెత్తురు. పురుషునకు 42వ యేడు, స్త్రీకి 33వ యేడు గండమని యెంచి శాంతి చేయించుకొందురు. పెండ్లిండ్లును కొన్ని అచ్చట జరుగును. చావు మాత్రము జింజా గడప త్రొక్కదు. అంత్యక్రియలు సాధారణముగా బౌద్ధపద్ధతిని జరుగును. ఇంట నెవరైన గతించినచో సాధారణముగా 50 దినములు ఆ యింటివారు తోరీ దాటి రారు. అశౌచమును గూర్చి నేను చిన్ననాట చదివిన ధర్మశాస్త్రము, అంత దూరమున మఱియొక పేరుతో బ్రతికియున్నట్లు దోచినది.

ఇక సంవత్సరచక్రము. జపానీయుల గుడిపండుగలకు మూలము వరిపంట. చలికాలమంతయు కొండపై నుండు దేవర వసంతమున దిగివచ్చి మడిదేవర యగుననియు, కోతలైనపిదప మఱల కొండకు బోవుననియు పెక్కు పల్లెలలో నమ్మకము గలదు. కావున నాట్లకు ముందు పంట నిమ్మని వేడుకోలు, కోతల పిదప క్రొత్తబియ్యముతో కృతజ్ఞత. నవంబరు 23వ తేదీ క్రొత్తపంట సమర్పణదినము. గుడిముందు వ్రేలాడు లావుపాటి పవిత్రరజ్జువును వరిగడ్డితోనే పేనుదురు. ఏటి కడపట ఊరి మగవారు కూర్చుండి ఈ త్రాడు పేనుచుండగా చిన్నవారు చూచి నేర్చుకొందురు. దేవరకు బియ్యము, ఉప్పు, నీరు, బియ్యపు మద్యము, చేపలు, కూరగాయలు నైవేద్యము పెట్టుదురు. పూజయైన వెంటనే ఆ పదార్థములను అందఱును కూర్చుండి ఆరగింతురు. ఇది పూజకు తోకగాదు, పూజలో భాగమే. సంవత్సరమంతయు మాటలాడుకొనని ఇరువురు ఆ దినమున ఒకే పంక్తిని కూర్చుండక తప్పదు.

పండుగనాడు దేవరను అలంకరించిన పల్లకిలోనికి ఆవాహనముచేసి, యువకులు భుజములకెత్తుకొని వాడవాడలు త్రిప్పుదురు. ప్రసిద్ధమైన యొక యుదాహరణము చెప్పెదను. గిఫూ మండలమున కొండలనడుమ ఫురుకావా యను చిన్న పట్టణము గలదు. ఆ యూరి గుడి కేతా వకమియా జింజా. ఏటేట ఏప్రిల్ 19, 20 తేదీలలో దాని పండుగ. 19వ తేదీ రాత్రి, చలి వీడకున్నను, యువకులు నడుమునకు గుడ్డలు మాత్రము చుట్టుకొని, పెద్దభేరిని మంచెపై కట్టి మోయుచు వీథులవెంట నడతురు. ఆ భేరిపై నిరువురు వీపు వీపు చేర్చి కూర్చుండి కొట్టుచుందురు. ఒక్కొక్క వాడవారు చిన్నభేరిని గడకు గట్టికొని, ఆ పెద్దభేరిని సమీపించుటకు పోటీపడి త్రోసికొని వత్తురు. దీనికి మేల్కొలుపు భేరి యని పేరు. తెల్లవారినపిదప శిల్పవిచిత్రములైన 9 రథములు వీథులలో నిలుచును. 1904లో ఆ యూర గొప్ప అగ్నిప్రమాదము సంభవించి పట్టణము చాలభాగము దగ్ధమయ్యెను. ఐనను ఊరివారు పండుగను విడువలేదు. 2016లో ఐక్యరాజ్యసమితివారి యునెస్కో సంస్థ జపానులోని 33 రథోత్సవములను మానవజాతి వారసత్వముగా పేర్కొనినప్పుడు ఇదియు వానిలో చేరినది.

పండుగలు లేని దినములలో గుడియావరణము పిల్లల ఆటస్థలము. శరత్కాలమున పెక్కు గుళ్లలో కుస్తీపోటీలు జరుగును. మన రేడియోశ్రోతలకు ప్రీతికరమైన యొక సంగతి చెప్పెదను. జపాను రేడియోలో 1928లో వ్యాయామప్రసారము మొదలైనది. నేటికిని ఉదయము ఆఱున్నరకు అది వినవచ్చును. వేసవిసెలవులలో పిల్లలు గుడియావరణమునకు గాని, ఉద్యానమునకు గాని చేరి, రేడియో చెప్పినట్లు చేతులు కాళ్లు ఆడించి, వచ్చినందుకు అట్టముక్కపై ముద్ర వేయించుకొందురని మనుమరాలు చెప్పెను.

ఇంతవఱకు నేను చెప్పినది విని, అచ్చట అంతయు శుభమే యనుకొనవలదు. ఈ గుళ్లకు గొప్పకష్టములు వచ్చినవి. అవి తెలిసికొననిదే ఈ కథలోని సారము దెలియదు.

1868లో జపానున క్రొత్త ప్రభుత్వ మేర్పడెను. వేయి సంవత్సరములకు పైగా కలిసిమెలిసియున్న బుద్ధుని, దేవతలను వేఱు చేయుడని శాసించెను. 1871లో జింజాలు కుటుంబముల సొత్తు గావనియు, రాజ్యమువియే యనియు ప్రకటించి, వానికి ఉద్యోగులకువలె తరగతులేర్పఱచెను. అంతటితో ఆగలేదు. 1906లో, చిన్నచిన్న గుళ్లకు ఖర్చు దండుగయని, ఊళ్ల గుళ్లను కొన్నింటిని గలిపి యొక్కటిగా జేయుటకు ఉత్తరువులు వచ్చినవి. సుమారు 1,90,000 గుళ్లలో పదియేండ్లలోపల 70,000 గుళ్లు మాసిపోయినవి. మియే, వకయామా మండలములలో ఈ దెబ్బ మిక్కిలి తీవ్రముగా దగిలినది. మియేలో పదింట తొమ్మిది గుళ్లు పోయినవి. గుడి పోవుటతో దాని తోపును పోయెను. నూఱేండ్ల, ఐదునూఱేండ్ల వృక్షములను నఱికి కలపగా నమ్మిరి. ముదుసలులు తమ దేవరకు మ్రొక్కుటకు కొండలు దాటి పోవలసివచ్చెను.

దీని నెదిరించి నిలిచినవాడు మినకతా కుమగుసు (1867–1941). ఈయన వకయామా మండలమువాడు. ఆ ప్రాంతపు ఫుజిషిరో గుడియందలి కర్పూరవృక్షము దేవతాస్వరూపమనియు, పిల్లలకు దాని పేరు పెట్టినచో ఆయుష్మంతు లగుదురనియు నమ్మకము. ఈయన పేరులోని "కుసు" యనునది ఆ చెట్టు పేరే. పిన్నవయసున లండనుకు బోయి, బ్రిటిషు మ్యూజియమున పెక్కు భాషల గ్రంథములు చదివి, 1900లో మఱలివచ్చి, తనాబే యను రేవుపట్టణమున స్థిరపడి, అడవులలోని శిలీంధ్రములను, జిగురుబూజులను పరిశోధించుచు నుండెను. గుడితోపులు కూలుట చూచి పత్రికలలో వ్యాసములు వ్రాసెను. పెద్దలకు ఉత్తరములు వ్రాసెను. 1910లో, గుళ్లను గలుపుటకు పూనుకొన్న అధికారి యొకడు వచ్చిన సభలోనికి చొరబడి గలభా చేసి, కొన్ని దినములు చెఱసాలలో నుండెను. మఱుసటియేట జానపదశాస్త్రవేత్త యనగితా కునియో ఆయన ఉత్తరములను అచ్చువేయించి పంచిపెట్టెను.

కుమగుసు వాదన యేమి? గుడిని గలిపినచో ఖర్చు తగ్గి భక్తి పెరుగునని ప్రభుత్వము చెప్పినది. ఆయన చెప్పినది తద్విరుద్ధము. గుడి దూరమైనచో భక్తి తగ్గును, ఊరివారి యైకమత్యము చెడును, పేదలకు ఓదార్పు పోవును, దేశాభిమానమును ఎండిపోవును, చెట్లు పోయినచో పక్షులు పోవును, పక్షులు పోయినచో పురుగులు పెరిగి పంట నశించును, ఊరి చరిత్రయు అచ్చటి వింతవింత ప్రాణులును మఱి దొరకవు. చెట్టును, పురుగును, ముసలమ్మ మ్రొక్కును ఒక్క సూత్రమున గ్రుచ్చి చూచిన బుద్ధిశాలి యాయన. 1920లో జపాను ప్రభువులసభ గుళ్లను గలుపుట నిష్ప్రయోజనమని తీర్మానించెను. అప్పటికే పోయినవి పోయినవి. కాని కొన్ని తోపులు దక్కినవి. తనాబే సముద్రశాఖలోని కషిమా యను చిన్నదీవి ఆయన కాపాడినదే. 1929లో చక్రవర్తి వచ్చినప్పుడు కుమగుసు ఆయనకు తన పరిశోధనలను విన్నవించి, మిఠాయిడబ్బాలలో ఉంచిన జిగురుబూజులను సమర్పించెను.

రాజ్యము చేయిపెట్టుటవలన రెండవ కీడు ఇంతకంటె పెద్దది. ఊరి కాపుదల కేర్పడిన గుడి, యుద్ధమునకు బంట్లను సాగనంపు చోటయ్యెను. కొరియా, తైవానులలో గుళ్లు కట్టి అచ్చటివారిచేత బలవంతముగా మ్రొక్కించిరి. 1945లో జపాను ఓడిపోయినపిదప, డిసెంబరు 15వ తేదీన విజేతలు రాజ్యమునకును షింటోకును పొత్తు తెంచిరి. 1946లో గుళ్లవారు తమంత తామే యొక మహాసంఘముగా నేర్పడిరి. ఆ కాలముననే స్త్రీలకును అర్చకత్వము లభించెను. 1947లో అమలునకు వచ్చిన రాజ్యాంగము, ప్రభుత్వధనమును గాని ఆస్తిని గాని యే మతసంస్థకును వినియోగింపరాదని విధించెను.

ఈ విధి యెంతవఱకు పోవునో చూపు వ్యాజ్యమొకటి చెప్పెదను. ఉత్తరద్వీపమైన హొక్కైడోలో సునగావా యను పట్టణము గలదు. అచ్చట సోరచిబుతో యను చిన్నగుడి. 1948 ప్రాంతమున బడిని విస్తరింపవలసివచ్చి గుడి కదలవలసివచ్చినప్పుడు ఒక గృహస్థు తన నేల నిచ్చెను. 1953లో పన్నుభారము తప్పుటకై ఆ నేలను పురపాలకులకే దానము చేసెను. కాలక్రమమున అచ్చట ఊరిసభామందిరము లేచెను. గుడి దానిలో నొక మూల నుండెను. పురపాలకులు మతమునకు ఉచితముగా నేల యిచ్చినట్లేగదా యని కొందఱు నివాసులు వ్యాజ్యము తెచ్చిరి. 2010 జనవరిలో అత్యున్నత న్యాయస్థానము అది రాజ్యాంగవిరుద్ధమే యని తీర్పు చెప్పెను; కాని గుడిని వెంటనే కూలద్రోయుమనలేదు, ఇతరోపాయము వెదకుడనెను. తుదకు గుడివారు ఆ కొంచెపు నేలకు అద్దె చెల్లించు నేర్పాటు నంగీకరించెను. ఇట్లే 2002లో సాగా జిల్లాన్యాయస్థానము, వాడసంఘపు చందాలో గుడిచందాను గలిపి, ఇష్టములేనివానిచేతగూడ కట్టించుట తగదని చెప్పెను. ఊరిగుడి ఊరందఱిదని చెప్పుట తీపి. కాని వేఱుమతమువానిని మెడబట్టి దానిలో జేర్చుట న్యాయముగాదు. ఈ రెండింటిని సరిపుచ్చుట వారికెంత కష్టమో మనకును అంతియే కష్టము.

నేటికి జపానున సుమారు 80,000 జింజా లున్నవి. అర్చకులు 20,000 మందికి కొంచెము పైన. పల్లెలలో యువకులు లేరు, పుట్టువారు తక్కువ. పల్లకి యున్నది, మోయు భుజములు లేవు. ఐనను ఊరిగుడి విలువ ఆపత్కాలమున దెలియును. సెందాయి నగరపు పొలిమేరలలో నమివకే యను చిన్నగుడి గలదు; అలలను చీల్చిన గుడి యని యర్థము. ప్రాచీనకాలపు సముద్రపుటుప్పెన ఎంతవఱకు వచ్చినదో ఆ పేరు గుఱుతుచేయుచున్నది. 2011 మార్చి 11న వచ్చిన మహాప్రళయపు నీరు ఆ గుడిదాక రాలేదు. పూర్వుల యనుభవమును గుడి పేరుగా దాచియుంచినది. అదే ప్రళయమున ఇండ్లు పోయిన రేవుపల్లెలవారు తాత్కాలికపు గుడిసెలలో నుండియే సింహనృత్యపు ముసుగులను మఱల సంపాదించుకొని పండుగ జరుపుకొనిరి.

ఇక నేను చూచిన చిన్నగుడి మాట. దినదినము ప్రొద్దుట అచ్చట నొక వృద్ధుడు వెదురుచీపురుతో ఆకు లూడ్చుచుండెడివాడు. ఎనుబదియేండ్లు దాటినవాడు. నేను బడిపంతులనని మనుమరాలు చెప్పగా, నాటినుండి నన్ను "సెన్సే" యని పిలిచెను; అయ్యవారని యర్థము. మేము మాటలు లేకయే కొన్నిదినములు కలిసి ఊడ్చితిమి. గుడిపెద్దలు నలుగురనియు, అందఱిలో చిన్నవానికి 68 ఏండ్లనియు, తన కుమారుడు టోక్యోలో నున్నాడనియు ఆయన చెప్పెను. "నా తరువాత ఈ యాకు లెవరు ఊడ్తురో తెలియదు సెన్సే" యనెను. పండుగనాడు పల్లకి మోయువారు చాలక, యంత్రశాలవారిని పిలిచిరి. మావాడు సంకోచించి, "మేము పరదేశులము, వేఱుదేవతలను గొలుచువారము, తాకవచ్చునా?" యని యడిగించెను. ఆ వృద్ధుడు, "ఈ యూరి నీరు త్రాగుచున్నాడు గదా, ఈ యూరివాడే" యనెను. మావాడు మోసినాడు. ఆ రాత్రి పంక్తిలో నాకును చోటిచ్చిరి. నేను మాంసమత్స్యములు ముట్టనని తెలిసి, అన్నమును, ఊరవేసిన ముల్లంగియు నా యెదుట బెట్టిరి.

మొదట చెప్పెదనన్న కారణ మిప్పుడు చెప్పెదను. మా యూరి పొలిమేర పోలేరమ్మ గుడివద్ద నొక పెద్ద వేపచెట్టుండెడిది. జాతరనాడు దాని నీడను వంటలు. తక్కిన దినములలో ముసలమ్మల ముచ్చట్లు. ఇరువదియేండ్లనాడు ఆ చెట్టు నడ్డము తొలగించి సిమెంటు మంటపము కట్టవలెనని ఊరు తలచెను. అనుమతికై అర్జీ వ్రాయవలసివచ్చెను. నా దస్తూరి బాగుండునని నాచేత వ్రాయించిరి. నేను సంతోషముతోనే వ్రాసితిని. అభివృద్ధి యను మాటను రెండుమాఱులు ప్రయోగించితిని. చెట్టు పోయినది. మంటపము లేచినది. దానికి తాళము, తాళపుచెవి యొకరియొద్ద. ఊడ్చుటకు కూలిమనిషి. ముసలమ్మలు మఱి రాలేదు. కుమగుసు చరిత్రము చదివిననాడు నాకు ఆ యర్జీలోని నా యక్షరములు కనులయెదుట నిలిచినవి. ఆయన చెట్టుకొఱకు చెఱసాలకు బోయెను. నేను చెట్టునకు మరణశాసనము వ్రాసితిని.

తిరిగివచ్చినపిదప నేను చేసినది స్వల్పము. శుక్రవారము ప్రొద్దుట చీపురు గొని పోలేరమ్మ గుడిముంగిలి ఊడ్చుచున్నాను. మొదట నవ్విరి. ఇప్పుడు మఱి యిద్దఱు వచ్చుచున్నారు. నిరుటి వానలలో వేపమొక్క నాటితిమి. ఒకమాఱు మేక కొఱికినది. మఱల చిగిర్చి మోకాలెత్తు వచ్చినది. మొన్నటి జాతర లెక్కను అందఱి యెదుట చదివి వినిపింపవలెనని నేను కోరగా, కొంత సణుగుకొన్నను చదివిరి.

పెద్దలారా! గుడికి గోపురమెంత యెత్తని లెక్కింపవలదు. దాని ముంగిలి ఊడ్చువారెందఱు, దాని పంక్తిని కూర్చుండువారెందఱు, దాని చెట్టునీడను ఎవరెవరికి చోటున్నదని లెక్కింపుడు. మీ యూర నొక పాతచెట్టు నఱుకుటకు అర్జీ వ్రాయుమని మిమ్ము నెవరైన నడిగినచో, కలము చేతబట్టుటకు ముందు ఒక సాయంకాలము ఆ చెట్టుక్రింద కూర్చుండి రండు. నేనా పని చేయలేదు.

సెలవు.